బొంతపై బైబిలు కుట్టిన హారియట్ పవర్స్

దొర్కా విధవరాండ్రకు అంగీలు కుట్టినదని అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయములో చదువుచున్నాము. సూదిదారములతోనే సాక్ష్యమిచ్చిన మరియొక స్త్రీని సంఘస్థులకు పరిచయము చేయగోరుచున్నాము.

హారియట్ పవర్స్ 1837 అక్టోబరు 29న అమెరికాలోని జార్జియా రాష్ట్రములో, ఏథెన్సు పట్టణ సమీపమున, బానిసగా జన్మించెను. నల్లవారికి చదువు నేర్పుటను ఆ రాష్ట్రములో 1829 నాటి చట్టము నిషేధించెను. 1865లో బానిసత్వము తొలగెను. పిమ్మట ఆమె, భర్త ఆర్మ్‌స్టెడ్ కొద్దిపాటి పొలము సంపాదించుకొనిరి.

మన యిండ్లలో పాత చీరలతో బొంతలు కుట్టుదురు గదా. ఆమెయు బొంతయే కుట్టెను. అయితే గుడ్డముక్కలను మనుష్యులుగా, మృగములుగా, నక్షత్రములుగా కత్తిరించి దానిపై అతికి కుట్టెను. పశ్చిమాఫ్రికాలోని దహోమీ రాజ్యపు అతుకుపనికిని దీనికిని పోలిక కలదని పరిశోధకులు చూపిరి. వట్టిచేతులతో ఓడలకెక్కింపబడినవారి పనితనము మనుమరాండ్ర వ్రేళ్లలో నిలిచియుండవచ్చును.

ఆమె బైబిలు బొంతలో 11 గడులు. ఆదాము హవ్వలు, హేబెలును చంపిన కయీను, యాకోబు కల, ప్రభువు బాప్తిస్మము, సిలువ, ముప్పది వెండి నాణెములతో యూదా అందున్నారు. 1886లో ఏథెన్సు పత్తి ప్రదర్శనలో దానిని చూచిన జెన్నీ స్మిత్ అను తెల్లజాతి చిత్రలేఖన ఉపాధ్యాయిని కొనగోరెను. హారియట్ ససేమిరా అనెను. నాలుగైదేండ్లకు ఇబ్బందులు వచ్చిపడెను. అప్పుడామె బొంతను శుభ్రమైన పిండిసంచిలో చుట్టి, దానిని గోనెలో పెట్టి, ఒడిలో ఉంచుకొని ఎద్దుబండిపై వచ్చెను. 10 డాలర్లు అడిగెను, దొరికినవి 5. భర్త ఇచ్చివేయుమనెను. ఇచ్చుటకు ముందు ఒక్కొక్క గడి భావమును ఆమె వివరింపగా స్మిత్ వ్రాసికొనెను. ఆ తరువాత పలుమార్లు కొన్నవారింటికి వచ్చి తన బొంతను చూచుకొని పోయెడిది. మమ్మును కలచివేసినది ఇదియే. స్మిత్ గారి వ్రాత వలననే ఆ వివరణ మనకు దక్కెను, నిజమే. అయినను 5 డాలర్లు బహు తక్కువ.

మిగిలియున్న రెండవ బొంతలో 15 గడులు. యోబు, యోనా, మోషే ఎత్తిన సర్పము సరసన 1780 నాటి చీకటి దినము, 1833 నవంబరులో నక్షత్రములు రాలిన రాత్రి కూడ కలవు. రెండును ఆమె పుట్టకమునుపటివి, పెద్దల నోట విన్నవి. జార్జియా నుండి వర్జీనియాకు 500 మైళ్లు పరుగెత్తినదని చెప్పుకొనిన బెట్స్ అను పంది కూడ ఒక గడిలో ఉన్నది! పరిశుద్ధ కథల నడుమ పంది ఏల అని మేమును తొలుత నవ్వితిమి. పారిపోవుట బానిసలకు ఎట్టి మాటయో తలంచిన పిమ్మట నవ్వలేకపోతిమి.

ఆమెకు చదువు రాదని చాలకాలము అనుకొనిరి. 2009లో వెలుగుచూచిన ఒక ఉత్తరపు నకలు వలన ఆమె చదువ నేర్చినదనియు, మరికొన్ని బొంతలు కుట్టినదనియు తెలిసెను. నేడు రెండే మిగిలినవి: మొదటిది వాషింగ్టనులోని స్మిత్‌సోనియన్ మ్యూజియములో, రెండవది బోస్టను లలితకళల మ్యూజియములో.

హారియట్ 1910 జనవరి 1న మరణించెను. ఏథెన్సులోని గాస్పెల్ పిల్‌గ్రిం సమాధుల తోటలో ఆమె సమాధి రాయి 2005లో గాని బయటపడలేదు.