హజ్రత్ రుఫైదా (రజి): క్షతగాత్రుల గుడారం

ఆరోగ్యం అల్లాహ్ మనకిచ్చిన అమానతు. వ్యాధిగ్రస్తుణ్ణి పరామర్శించటం ఒక ముస్లింపై మరో ముస్లింకున్న హక్కు. మన ఇళ్ళల్లో ఈ హక్కును చక్కగానే నెరవేరుస్తున్నాం. ఎవరైనా మంచాన పడితే చుట్టాలు, ఇరుగుపొరుగు వచ్చి పలకరించి, దుఆ చేసి వెళ్తారు. అయితే పరామర్శకు ప్రేమ చాలు. పరిచర్యకు ప్రేమతోపాటు ఇల్మ్ కూడా కావాలి. ఆ ఇల్మ్‌ను దైవమార్గంలో వెచ్చించిన సహాబియా హజ్రత్ రుఫైదా అస్లమియా (రజి).

ఆమె మదీనా వాసి. తండ్రి పేరు సాద్. ఆయన వైద్యం తెలిసినవారనీ, ఆమె ఆయన దగ్గరే ఈ విద్య నేర్చుకున్నారనీ ఆమె జీవితం గురించి రాసినవారు చెబుతారు. ఇబ్నె సాద్ తన తబఖాత్‌లో కుఐబా బిన్తె సాద్ అనే పేరుతో రాశారు. మస్జిదె నబవీలో ఆమెకు ఒక గుడారం ఉండేది. గాయపడినవారికి, రోగులకు అక్కడ చికిత్స జరిగేది. చూసుకునే దిక్కులేని ముస్లింలకు సేవ చేయటాన్ని ఆమె పుణ్యకార్యంగా స్వీకరించారని ఇబ్నె ఇస్‌హాఖ్ తెలిపారు.

క్షతగాత్రుల సేవ ఆనాటి ముస్లిం స్త్రీలకు కొత్త కాదు. హిజ్రీ 3 (క్రీ.శ. 625)లో ఉహుద్ యుద్ధంలో దైవప్రవక్త (స) ముఖానికి గాయమైంది. హజ్రత్ అలీ (రజి) డాలుతో నీళ్ళు తెచ్చి పోస్తుంటే హజ్రత్ ఫాతిమా (రజి) గాయం కడిగారు. నీళ్ళు పోసేకొద్దీ రక్తం ఎక్కువవుతోందని ఆమె గమనించారు. వెంటనే ఆ పద్ధతి మానేసి, చాప ముక్కను కాల్చి ఆ బూడిద అద్దారు. రక్తం ఆగింది. ఇక్కడ మేము చెప్పదలచింది బూడిద గురించి కాదు. గాయానికి బూడిద, పసుపు, కాఫీపొడి పెట్టకూడదని, శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టాలని నేటి వైద్యులు చెబుతున్నారు. మనం గ్రహించవలసింది ఆమె చూపును. చేస్తున్న పని రోగికి మేలు చేస్తోందా లేదా అని చూడటం, చేయకపోతే పద్ధతి మార్చటం. నేటి నర్సింగ్ విద్యకు కూడా ఇదే పునాది.

హిజ్రీ 5 (క్రీ.శ. 627)లో ఖందఖ్ యుద్ధం వచ్చింది. ఔస్ తెగ నాయకుడు హజ్రత్ సాద్ బిన్ ముఆజ్ (రజి) చేతికి బాణం తగిలి ప్రధాన రక్తనాళం తెగింది. ఆయన్ను రుఫైదా (రజి) గుడారంలో ఉంచమని దైవప్రవక్త (స) ఆదేశించారు. దగ్గరలో ఉంటే తరచూ వెళ్ళి చూడవచ్చన్నది ఆయన (స) ఉద్దేశం. ఉదయం, సాయంత్రం అటుగా వెళ్తూ సాద్ (రజి) ఎలా ఉన్నారో అడిగి తెలుసుకునేవారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. సాద్ (రజి) దిక్కులేనివారు కాదు. తల్లి కబ్షా (రజి) బ్రతికే ఉన్నారు. తెగంతా ఆయన మాటకు కట్టుబడినదే. ఇంటికి తీసుకెళితే ప్రాణమిచ్చి చూసుకునేవారు ఎందరో. అయినా ఆయన్ను గాయాల సంగతి తెలిసిన మనిషి చేతికే అప్పగించారు.

రక్తం ఆగటానికి గాయాన్ని కాల్చారు. చేయి వాచింది. మళ్ళీ కాల్చారు. బనూ ఖురైజా విషయంలో తీర్పు చెప్పటానికి ఆయన్ను గాడిదపై కూర్చోబెట్టి తీసుకెళ్ళి, తిరిగి గుడారానికి చేర్చారు. ఆ తర్వాత గాయం పగిలి రక్తం ప్రవహించింది. సాద్ (రజి) షహీద్ అయ్యారు. ఆయన మరణానికి అల్లాహ్ సింహాసనం కంపించిందని సహీహ్ హదీసుల్లో ఉంది. ఇంత సేవ చేసినా ఆయన దక్కలేదు కదా అని ఎవరూ రుఫైదా (రజి)ను నిందించలేదు. ఆమె కూడా గుడారం మూసుకోలేదు. స్వస్థత అల్లాహ్ చేతిలో ఉంది. ప్రయత్నం మన బాధ్యత. హిజ్రీ 7 (క్రీ.శ. 628)లో ఖైబర్ యుద్ధానికి కూడా ఆమె వెళ్ళారు. అక్కడ ఆమెకు పురుషునితో సమానంగా వాటా లభించిందని సీరత్ గ్రంథకర్తలు రాశారు.

స్త్రీలు పరపురుషులకు సేవ చేయవచ్చా అని కొందరు అడుగుతుంటారు. హజ్రత్ రుబయ్యి బిన్తె ముఅవ్విజ్ (రజి), హజ్రత్ ఉమ్మె అతియ్యా (రజి) యుద్ధాల్లో క్షతగాత్రులకు చికిత్స చేసిన సంగతి బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఉంది. ఇమామ్ బుఖారీ (రహ్మ) ఈ విషయానికి ఒక ప్రత్యేక అధ్యాయమే కేటాయించారు. అవసరం ఉన్నప్పుడు, అవసరమైనంత మేరకు, హయా పాటిస్తూ చేయటానికి ధర్మవేత్తలు అనుమతినిచ్చారు.

నేటి ఆసుపత్రి వార్డులో నర్సు పని మాత్రలివ్వటం, సూది వేయటంతో ముగిసిపోదు. ఆపరేషన్ అయిన రోగి శ్వాస, నాడి, రక్తపోటు మొదట్లో తరచుగా చూడాలి. కట్టు తడుస్తోందా, చేయి వాస్తోందా, వేళ్ళు చల్లబడుతున్నాయా గమనించాలి. ఒకే సమయంలో ఇద్దరికి అవసరమైతే ముందు ఎవరి దగ్గరికి వెళ్ళాలో నిర్ణయించుకోవాలి. గట్టిగా మూలిగే రోగికంటే, శ్వాస సరిగా ఆడక మాట్లాడకుండా పడి ఉన్నవాడికే ప్రమాదం ఎక్కువ కావచ్చు. ఏ మార్పును డాక్టరుకు వెంటనే చెప్పాలో తెలిసి ఉండాలి. ఆలస్యమైతే ప్రాణం పోవచ్చు.

మా బీర్కూర్ వైపు పల్లెల్లో పొలం పనిలోనో, బండి మీదినుంచి పడో గాయమైతే ముందు ఇంటివైద్యం, తర్వాత తెలిసినవారి సలహాలు, చివరికి బాన్సువాడ ఆసుపత్రి అన్నట్టుగా ఉంటుంది. ఆ వరుస మారాలి. గాయాన్ని అదిమి పట్టి వెంటనే 108కి ఫోన్ చేయండి. ఆపరేషన్ అయినవారికి నర్సు చెప్పకముందే తినిపించకండి. కట్టు విప్పి చూడకండి. మంచం చుట్టూ గుమిగూడకండి. దుఆ ఇంటినుంచి చేసినా అల్లాహ్ వింటాడు.

మరో మాట. మన స్త్రీలకు ఆసుపత్రిలో స్త్రీలే సేవ చేయాలని కోరుకుంటాం. కానీ మన ఆడపిల్ల నర్సింగ్ చదువుతానంటే ముఖం చిట్లిస్తాం. మరి ఆ సేవ చేసేవారు ఎక్కడినుంచి రావాలి? బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్ళు, జీఎన్ఎం మూడేళ్ళ చదువు. ఢిల్లీలోని జామియా హమ్దర్ద్‌లో నర్సింగ్ కళాశాలకు రుఫైదా (రజి) పేరే పెట్టారు. ఆ పేరును గౌరవించి, ఆ పనిని చిన్నచూపు చూడటం న్యాయం కాదు.

అల్లాహ్ మన రోగులకు స్వస్థతను, వారికి సేవ చేసే చేతులకు ఇల్మ్‌ను, ఇఖ్లాస్‌ను ప్రసాదించుగాక! ఆమీన్.