గిడుగు మాస్టారు

మన సంగారెడ్డి హాస్టల్లో కొందరం ఇంట్లో లంబాడీ మాట్లాడి, బడిలో తెలుగు నేర్చుకున్నవాళ్ళం. అందుకే గిడుగు వెంకట రామమూర్తి గారంటే మాకు అభిమానం. ఆయన 1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టారు. చిన్నప్పుడే తండ్రి పోయారు. పర్లాకిమిడిలో మాస్టారుగా ఉంటూ, అప్పటికి లిపి లేని సవర భాషను సవరల దగ్గరే నేర్చుకున్నారు. జ్వరానికి వాడిన క్వినైన్‌తో వినికిడి దెబ్బతింది. మాటలు వినడమే పనిగా పెట్టుకున్న మనిషికి! అయినా 1931లో సవర వ్యాకరణం, 1938లో నిఘంటువు వచ్చాయి. సవర పిల్లలకు బడులూ పెట్టారు. 1940 జనవరి 22న కన్నుమూశారు.

ఇప్పటి కృత్రిమ మేధ, రాసి ఉన్న కోట్ల వాక్యాల్లో ఏ మాట పక్కన ఏ మాట వస్తుందో చూసి నేర్చుకుంటుంది. రాతలేని భాష దానికి అందడం కష్టం. గిడుగు వారు మనుషులనే అడిగారు. ఈ సెలవుల్లో మా తండా అవ్వల మాటలు రాసుకురావాలని కొందరం నోటుపుస్తకాలు కొన్నాం.