కాటన్ దొర – మన ఇంజనీరింగు సీట్లు

ఇంజనీరింగులో ఏ బ్రాంచి తీసుకుంటే ఉద్యోగం ఖాయం? మన వైపు ఇప్పుడు ఇది పెళ్ళి సంబంధం కంటే పెద్ద ప్రశ్న అయి కూర్చుంది. పదిమందీ కంప్యూటరు అంటారు. సివిల్ పేరెత్తితే ఇసుకా సిమెంటూ తప్ప ఏముందని నవ్వుతారు. నేను బి.ఎస్సీ. వాణ్ణి, ఆ పందెంలో లేను. కాని మా తమ్ముడు ఈ ఏడు ఇంటరు ఎం.పి.సి. పూర్తి చేస్తున్నాడు. వాడి సీటు కోసం ఉప్పాడ దగ్గరున్న ఎకరంన్నర తాకట్టు పెట్టాలా వద్దా అని ఇంట్లో మాటలు నడుస్తున్నాయి. ఆ గొడవలోనే ఒక పాత ఇంజనీరు జీవితం చదివాను. మీ అందరికీ తెలిసిన మనిషే. కాటన్ దొర.

ఆర్థర్ థామస్ కాటన్ 1803 మే 15న ఇంగ్లండులో పుట్టాడు. పదిహేనో ఏట ఈస్టిండియా కంపెనీవారి ఆడిస్కోంబ్ సైనిక విద్యాలయంలో చేరాడు. పదహారేళ్ళకే మద్రాసు ఇంజనీర్ల దళంలో ఉద్యోగం. మనం ఇంటరులో ఉండే వయసన్నమాట! 1821లో మద్రాసు వచ్చి, దక్షిణాది జిల్లాల్లో చెరువులూ కాలువలూ చూసే పనిలో పడ్డాడు. అసలు చదువు అక్కడే అయిందని నా అభిప్రాయం. కావేరి మీద చోళుల నాటి కల్లణై ఉంది. గట్టి పునాది దొరకని ఇసుకలో కూడా కట్ట నిలబడుతుందని ఆయనకు తెలిసింది దాన్ని చూసే. ఆ మాట దాచుకోకుండా ఒప్పుకున్నాడు కూడా. ఆ కిటుకుతోనే 1836లో కొళ్ళిడం మీద ఆనకట్ట కట్టాడు.

తర్వాత విశాఖపట్నంలో ఉండగా, సముద్రపు కోత ఆపడానికి తీరం నుంచి నీళ్ళలోకి రాతికట్టలు వేయించాడు. ఉప్పాడవాణ్ణి గనక ఇక్కడ కాస్త ఆగాలి. మా ఊరు ఇళ్ళతో సహా ముక్కలు ముక్కలుగా సముద్రంలో కలుస్తోంది. కాకినాడ రోడ్డును తుఫానులు మాటిమాటికీ కోసేస్తాయి. రాళ్ళు పోశారు, జియోట్యూబులతో గోడ కట్టారు, అలలు దాన్నీ చెదరగొట్టాయి. సివిల్ వాళ్ళకు పని లేదనేవాళ్ళు ఒక్కసారి మా ఊరు రావాలి. పని కొండంత ఉంది, లేనిది పోస్టు. ఈ రెండూ ఒకటి కాదు.

గోదావరి కథా అంతే. 1833 కరువు తర్వాత జిల్లా ఎండిపోయింది. 1821లో సుమారు 7.38 లక్షలున్న జనాభా 1841 నాటికి 5.61 లక్షలకు పడిపోయింది. నది మాత్రం పక్కనుంచే సముద్రంలోకి పోతోంది. ఇంత పని కళ్ళ ముందున్నా దానికి ఇంజనీరు పోస్టంటూ లేదు. కాటన్ 1844, 45లలో రిపోర్టులు రాశాడు. అంచనా నాలుగు లక్షల డెబ్బై అయిదు వేల రూపాయలు. ఆరుగురు ఇంజనీర్లూ, ఎనిమిదిమంది జూనియర్ ఆఫీసర్లూ, రెండువేలమంది తాపీ పనివాళ్ళూ కావాలని అడిగాడు. ఇచ్చింది పని నేర్పుకోవాల్సిన ఒక కుర్రవాణ్ణీ, ఇద్దరు సర్వేయర్లనూ, కొద్దిమంది అప్రెంటిసులనూ!

1847లో ధవళేశ్వరంలో పని మొదలైంది. పదివేలమంది దాకా కూలీలు. వాళ్ళను కూడగట్టి పని నడిపించినవారిలో మన వీణెం వీరన్నగారు ముఖ్యులు. మధ్యలో కాటన్‌కు ఎండదెబ్బ తగిలి సెలవుపెట్టి వెళ్తే కెప్టెన్ ఆర్ అనే ఆయన నడిపాడు. 1852కి ఆనకట్ట నిలబడింది. ఇక కాలువలు, లాకులు, వంతెనలు, మురుగు కాల్వలు. వాటికి ఓవర్సీర్లు, డ్రాఫ్టుమన్లు, లస్కర్లు. ముందు పోస్టులు పుట్టి తర్వాత పని రాలేదు, గమనించండి. గంగ కాలువకు మనుషులు కావాలనే 1847లో రూర్కీ కాలేజీ పెట్టారు.

పాత ఆనకట్ట స్థానంలో 1982 నాటికి 175 గేట్ల బ్యారేజీ వచ్చింది. 1986 ఆగస్టులో సుమారు 35 లక్షల క్యూసెక్కుల వరద దాని మీదుగా పోయింది. గేట్లు మెకానికల్ వాళ్ళకు, మోటార్లు ఎలక్ట్రికల్ వాళ్ళకు, భద్రాచలం దగ్గరి నీరు ఎప్పుడు ఎంత వస్తుందో లెక్కకట్టడం కంప్యూటరు వాళ్ళకు. ఆనకట్టలు మట్టిని ఆపేస్తే డెల్టా తీరం కోతపడుతుందని తర్వాతివాళ్ళు కనిపెట్టారు. ఒక ఇంజనీరు కట్టింది ఇంకో ఇంజనీరుకు పని పెడుతుంది గదా.

దొరకు అన్నీ కలిసిరాలేదు. ఆయన గట్టిగా సమర్థించిన కర్నూలు–కడప కాలువ కంపెనీకి నష్టమే తెచ్చింది. 1882లో ప్రభుత్వం దాన్ని కొనుక్కుంది. రైళ్ళ కంటే కాలువలకే డబ్బు పెట్టాలన్న ఆయన వాదం మీద 1878లో పార్లమెంటు కమిటీ విచారణ కూడా జరిగింది. గొప్పవాడు గనక అన్ని లెక్కలూ సరిపోయాయని రాస్తే అది జీవితచరిత్ర కాదు, హరికథ.

1861లో సర్ బిరుదు వచ్చింది. ముసలితనంలో డోర్కింగ్‌లో ఉంటూ, నేలను లోతుగా తవ్వి గోధుమ వేస్తే దిగుబడి ఎంత పెరుగుతుందో పరీక్షలు చేసుకుంటూ గడిపాడు. మా నాన్నకు ఆనకట్ట సంగతులన్నీ చెబితే ఊకొట్టారు గాని, ఈ ఒక్కదాని దగ్గర మాత్రం ఏ నేలలో, ఎంత లోతని అడిగారు. అలా పొలం పరీక్షల్లో ఉంటూనే 1899 జులై 24న, తొంభై ఆరేళ్ళ వయసులో ఆ ఊళ్ళోనే కన్నుమూశాడు.