రోగక్రిములపై పోరుకు ఊతమిచ్చిన యల్లాప్రగడ

గచ్చిబౌలి: ఇక్కడి హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో జీవశాస్త్రం చదివే విద్యార్థులకు ఏ.టి.పి. అన్న మాట కొత్త కాదు. జీవకణాలకు శక్తినిచ్చే ఈ పదార్థాన్ని 1929లో వెల్లడించినవారిలో ఒకరు మన తెలుగువాడు, డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పేద కుటుంబంలో జన్మించారు. మెట్రిక్ పరీక్ష మూడోసారికి గాని గట్టెక్కలేదు. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించి ఆచార్యుని ఆగ్రహానికి గురయ్యారు. ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. స్ప్రూ అనే జీర్ణకోశ వ్యాధి సోదరుణ్ణి బలిగొనడం ఆయనను కలచివేసింది. అమెరికా వెళ్ళి హార్వర్డ్‌లో పరిశోధనలు చేసి, 1940లో లెడర్లీ ఔషధ సంస్థలో చేరారు.

మన రక్తంలోని తెల్లకణాలు ఊరి కాపలాదారుల వంటివి. కొన్ని రోగక్రిమిని మింగి, దాని ఆనవాలును తోటి కణాలకు చూపుతాయి. ఆ ఆనవాలును బట్టి మరికొన్ని ప్రతిరక్షకాలను తయారుచేస్తాయి. అవి అంటుకున్న క్రిమిని పట్టి మింగడం మొదటి కణాలకు సులువవుతుంది. ఏ ఒక్క కణమూ ఒంటరిగా గెలవదు.

సుబ్బారావు బృందం అందించిన మందులు ఈ సైన్యానికి తోడు నిలిచాయి. 1945లో తయారుచేసిన ఫోలిక్ ఆమ్లం లేనిదే ఎముక మూలుగలో రక్తకణాలు సరిగా పుట్టవు. స్ప్రూ రోగులకూ అది మందయింది. ఆయన పర్యవేక్షణలో డగ్గర్ కనుగొన్న ఆరియోమైసిన్ 1948లో వెలుగుచూసింది. అది క్రిములను పెరగనివ్వకుండా అడ్డుకుంటుంది. వాటిని తుదముట్టించే పని చాలావరకు తెల్లకణాలదే.

బోదకాలుకు 1947లో వెలువడిన హెట్రజాన్ సంగతి మరీ విచిత్రం. పరీక్షనాళికలో పిల్లపురుగులపై ఆ మందు ప్రభావం స్వల్పం. ఒంట్లోకి వెళ్తే మాత్రం, అవి రక్షణ కణాలకు సులువుగా చిక్కి రక్తంలో నుంచి త్వరగా మాయమవుతాయి.

1948 ఆగస్టులో, 53 ఏళ్ళకే సుబ్బారావు న్యూయార్క్‌లో కన్నుమూశారు. నోబెల్ బహుమతి దక్కలేదు. 1995లో భారత ప్రభుత్వం ఆయన పేర తపాలా బిళ్ళ విడుదల చేసింది.

బోదకాలు ప్రాంతాల్లో ఆరోగ్య కార్యకర్తలు పంచే డి.ఇ.సి. మాత్ర ఆ హెట్రజానే. కాలు వాపు లేనివారి రక్తంలోనూ పిల్లపురుగులు ఉండవచ్చు. దోమల ద్వారా అవి ఇరుగుపొరుగుకు చేరతాయి. కనుక మాత్రను గూట్లో దాచిపెట్టక, కార్యకర్త చెప్పిన ప్రకారం మింగడమే భీమవరం బిడ్డ శ్రమకు మనమిచ్చే గౌరవం.