పాత సామాను, కొత్త ఆట

మన బడిలో ఎనిమిదో తరగతి చదివేటప్పుడు తిరునాళ్లలో కొన్న బ్రిక్ గేమ్ ఒకటి నా దగ్గర ఉండేది. బెంచీ కింద పెట్టుకుని ఆడుతూ ఒకరోజు లెక్కల మాస్టారికి దొరికిపోయాను. దెబ్బలు తప్పవనుకున్నాను. సాయంత్రం దాన్ని తిరిగిచ్చేస్తూ, లోపల ఏముందో ఎప్పుడైనా విప్పి చూశావా అని మాత్రం అడిగారు. ఆ రాత్రే విప్పాను.

ఇప్పుడు నేను హైదరాబాదులో వీడియో గేమ్‌ల తయారీ నేర్పుతున్నాను. రెండేళ్ల కిందట ఒక కుర్రాడు కొత్త ల్యాప్‌టాప్ కొనే స్తోమత లేక కోర్సు మానేస్తానని వచ్చాడు. మంచి కంప్యూటర్ లేకపోతే ఈ పని కుదరదని అంతకు వారం ముందు క్లాసులో చెప్పింది నేనే. ఎంతో సిగ్గుపడ్డాను. ఆ రాత్రి నాకు గుర్తొచ్చిన మనిషి గున్‌పే యొకోయ్.

యొకోయ్ 1941లో జపాన్‌లోని క్యోటోలో పుట్టారు. అక్కడే దోషిషా విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రానిక్స్ చదివి, 1965లో నింటెండోలో చేరారు. అప్పటికది పేకముక్కలు తయారుచేసే కంపెనీ. ఆ యంత్రాలు చెడిపోకుండా చూడటం ఆయన ఉద్యోగం. తీరిక వేళ సరదాకి, దూరంగా ఉన్న వస్తువును పట్టుకునే సాగే చెయ్యి ఒకటి చేసుకున్నారు. అది అధ్యక్షుడు యమౌచి కంటబడింది. తిట్లు పడాల్సిన చోట, దాన్ని బొమ్మగా తయారుచేయమన్న ఆదేశం వచ్చింది. 1966లో వచ్చిన ఆ అల్ట్రా హ్యాండ్ పది లక్షలకు పైగా అమ్ముడైంది.

ఒకసారి రైల్లో ఒక ఉద్యోగి పొద్దుపోక కాలిక్యులేటర్ మీటలు నొక్కుతూ కూర్చోవడం ఆయన చూశారు. అప్పటికే కాలిక్యులేటర్ల తెరలు, చిప్‌లు చవకైపోయాయి. వాటితోనే 1980లో జేబులో పట్టే గేమ్ అండ్ వాచ్ చేశారు. బాగా వాడుకలోకి వచ్చి, చవకబడి, మంచిచెడ్డలన్నీ తెలిసిపోయిన సాంకేతికతను ఎవరూ ఊహించని పనికి వాడటమే ఆయన పద్ధతి. ఈనాటికీ ఆట రిమోట్ల మీద బొటనవేలి కింద ఉండే ప్లస్ ఆకారపు మీట, 1982లో ఆ వరుసలోని డాంకీ కాంగ్ కోసం ఆయన రూపొందించిందే.

ఆయనలోని గురువును కూడా చెప్పుకోవాలి. 1981లో అసలు డాంకీ కాంగ్ ఆటను రూపొందించే పని షిగెరు మియామొతో అనే యువ చిత్రకారుడికి అప్పగించారు. పర్యవేక్షణ యొకోయ్‌ది. ఆ తర్వాత లోకమంతా మారుమోగింది శిష్యుడి పేరు.

1989లో వచ్చిన గేమ్ బాయ్‌కి రంగుల తెర లేదు. పోటీ కంపెనీలు రంగులు చూపించాయి గానీ, వాటి బ్యాటరీలు కొద్ది గంటల్లోనే అయిపోయేవి. గేమ్ బాయ్ చవక, గట్టిది, నాలుగు బ్యాటరీలతో ఎంతోసేపు నడిచేది. దాని తర్వాతి రంగుల రూపంతో కలిపి 11 కోట్లకు పైగా అమ్ముడైంది.

ఓటమీ చూశారాయన. 1995లో తెచ్చిన వర్చువల్ బాయ్, ఎరుపు తప్ప మరో రంగు చూపించలేదు, ఏడాదిలోపే ఆగిపోయింది. మరుసటి సంవత్సరం కంపెనీ వదిలి, క్యోటోలోనే కోటో అనే చిన్న సంస్థ పెట్టుకున్నారు. అక్కడా పాత దారే: ఒకే ఒక్క బ్యాటరీతో నడిచే వండర్‌స్వాన్ రూపకల్పనలో పాలుపంచుకున్నారు. అది 1999లో మార్కెట్లోకి వచ్చింది. చూసుకోవడానికి ఆయన లేరు. 1997 అక్టోబరు 4న రోడ్డు ప్రమాదంలో, 56వ ఏట కన్నుమూశారు.

మర్నాడు ఆ కుర్రాడికి ల్యాబు మూలన పడేసిన పాత కంప్యూటర్ ఇచ్చి, అది మోయగలిగినంత ఆటే చేయమన్నాను. మూడు నెలల తర్వాత నాలుగే రంగులతో, వరదలో పడవ నడిపే ఆట ఒకటి తెచ్చాడు. క్లాసంతా అతని చుట్టూ మూగింది. ఇప్పుడు ఏ బ్యాచ్‌కైనా నా మొదటి పాఠం యొకోయ్ జీవితమే.

మన మాస్టారు ఆయన పేరు విని ఉండరు. కానీ ఇద్దరూ తెలుసుకున్నది ఒకటే: చేతిలో ఉన్నదాన్ని విప్పి చూడమనడం. ఈ స్వర్ణోత్సవ వేళ ఆయనకు, మన గురువులందరికీ నమస్కారాలు. ఆ బ్రిక్ గేమ్ ఇప్పటికీ నా బల్ల మీదే ఉంది. ఒక స్క్రూ మాత్రం ఆ రాత్రి పోయింది, మళ్లీ దొరకలేదు.