ఐరీన్ జోలియో-క్యూరీ

గొప్పవారి కడుపున పుట్టినవారు తమ శ్రమతో తామును గొప్పవారగుట అరుదు. అట్టి అరుదైన వారిలో ఐరీన్ జోలియో-క్యూరీ యొకరు.

రేడియమును కనుగొన్న క్యూరీ దంపతులకు ఈమె 1897 సెప్టెంబరు 12వ తేదీన పారిస్ నగరమున జన్మించెను. ఎనిమిదేండ్ల ప్రాయముననే తండ్రిని కోల్పోయెను. మొదటి ప్రపంచ యుద్ధకాలమున, ఇంకను విద్యార్థినిగా నుండియే, తల్లితో కూడి ఎక్స్-రే యంత్రముల సహాయమున సైనికుల శరీరములలోని గుండ్ల జాడను వైద్యులకు తెలిపెను.

1926లో తల్లి ప్రయోగశాలలోని సహాయకుడు ఫ్రెడరిక్ జోలియోను వివాహమాడెను. 1934 జనవరిలో ఆ దంపతులు పొలోనియమునుండి వెలువడు ఆల్ఫా కణములను అల్యూమినియపు రేకుపై ప్రసరింపజేసిరి. పొలోనియమును తొలగించిన పిదపను రేకునుండి కణములు వెలువడుచునే యుండెను. అల్యూమినియములో కొంత రేడియోధార్మికమైన ఫాస్ఫరసుగా మారినదని వారు రసాయన పరీక్షచే నిరూపించిరి. అంతవరకు ప్రకృతి యిచ్చినదే గతి. ఇక మానవుడే అట్టి పదార్థములను చేసికొనగలిగెను. ఈ ఫలితమును కన్నులార చూచిన తల్లి మేరీ ఆ జూలైలోనే మరణించెను. 1935లో దంపతులకు రసాయన శాస్త్రమున నోబెల్ బహుమతి లభించెను. ఫ్రాన్సులో స్త్రీలకు ఇంకను ఓటు లేని 1936లో ఐరీన్ శాస్త్ర పరిశోధనలకు ఉపమంత్రిణి యయ్యెను.

ఏండ్ల తరబడి కిరణముల నడుమ పనిచేసిన ఆమె 1956 మార్చి 17వ తేదీన రక్తపు క్యాన్సరుతో మరణించెను. ఆ కిరణములే వ్యాధికి కారణమని భావింపబడినది.

కృత్రిమ రేడియోధార్మిక పదార్థములు నేడు వైద్యమునకు ఆధారములు. వానిలో ముఖ్యమైనది టెక్నీషియం-99ఎం. దీనిని రోగి శరీరములోనికి ఎక్కించి, గుండె, ఎముకలు మొదలగు వాని స్థితిని చిత్రములుగా చూతురు. ఆరు గంటలలో అది సగమగును గనుక నిలువ చేయుటకు వీలులేదు. దీనికి మూలమైన మాలిబ్డినం-99ను రియాక్టరులో యురేనియమును భేదించి తీయుదురు. పూర్వము ఇందుకు అధికముగా శుద్ధిచేసిన యురేనియమును వాడెడివారు. అది అణుబాంబునకును పనికివచ్చును గనుక, దొంగల చేతబడునను భయముండెను. యురేనియం-235 నూటికి ఇరువది పాళ్లకంటె తక్కువగా నున్న యురేనియముతో అర్జెంటీనా 2002లోను, దక్షిణాఫ్రికా 2010లోను ఈ మందును తయారుచేయ నారంభించెను. ఇందువలన వ్యర్థములు పెరిగినను, రోగికి కొరత కలుగలేదు.

విద్యార్థులారా! ఒకరి ప్రాణమును నిలుపు మందు మరియొకరికి ముప్పు కారాదు. ఐరీన్ తెరచిన మార్గమున నడచువారు మరువరాని ధర్మమిదియే.