నల్లఱాతి సీమయు కర్నల్ సైక్సును

సోలాపురమున తూర్పు పేటలలో నడచువారికి ముందుగా వినవచ్చునది మగ్గముల చప్పుడు. పిదప వినవచ్చునది తెలుగు. తెలంగాణమునుండి తరతరములుగా వలసవచ్చిన పద్మశాలీలు అచ్చట దుప్పట్లును తుండుగుడ్డలును నేయుచున్నారు. వారి కాలిక్రింది నేల నల్లనిది. నూయి త్రవ్వినను నల్లఱాయియే తగులును. ఆ ఱాయిని, దానిపై వీచు గాలిని కొలిచి లోకమునకు తెలిపిన మొదటివారిలో నొకడు విలియం హెన్రీ సైక్సు. ఆయన కథను నేడు మా పాఠకులకు వినిపింపదలచినాము.

సైక్సు 1790లో ఇంగ్లండునందలి యార్కుషైరులో జన్మించెను. బాల్యము గడవకమునుపే 1804లో కుంఫిణీవారి బొంబాయి సైన్యమున చేరి, మఱుసటి యేట భరత్‌పుర ముట్టడిని చూచెను. 1817లో కిర్కీ యుద్ధమున పీష్వా సేనతో పోరాడెను. ఇంతవరకు నాటి ఆంగ్ల సైనికుల కథలకును ఇతని కథకును భేదము లేదు. నాలుగేండ్లు ఐరోపాలో సంచరించి తిరిగివచ్చిన పిమ్మట 1824లో బొంబాయి గవర్నరు ఎల్ఫిన్‌స్టన్ ఇతనిని దక్కను సీమకు గణాంక నివేదకునిగా నియమించెను.

ఆ యుద్యోగము శాస్త్రము కొఱకు పుట్టినది గాదు. పీష్వానుండి క్రొత్తగా గైకొన్న సీమలో ఎన్ని యిండ్లు, ఎంత పంట, ఎంత శిస్తు రాగలదు, ఇదియే దొరల ప్రశ్న. దస్తావేజులతో కాలము గడుపువారమగుటచే, లెక్క వ్రాయించువాని యుద్దేశము లెక్కలోనే దాగియుండునని మే మెఱుగుదుము. అయినను సైక్సు తన్ను అడుగనిదానిని గూడ లెక్కించెను. ఇన్నూఱు జాతులకు పైబడిన పక్షులకు పట్టిక వ్రాసెను. భరతపక్షి జాతి యొకటి నేటికి నతని పేరనే పిలువబడుచున్నది. చేపలను వర్ణించెను. కొండల పొరలను పరిశీలించెను.

భీమానదీ ప్రాంతమున అతడు చూచిన కొండలు మెట్లు మెట్లుగా నుండెను. మట్టమైన నల్లఱాతి పొరలు ఒకదానిపై నొకటి పేర్చినట్లు కానవచ్చెను. ఇట్టి ఱాతికి శాస్త్రజ్ఞులు వాడు ట్రాప్ అను పేరు మెట్టు అను నర్థముగల స్వీడను మాటనుండి వచ్చినదే. సోలాపురపు ఱాయియు నీ జాతిదే. అగ్నిపర్వతమనగానే మనము పొగలుగ్రక్కు శిఖరమును తలచుకొందుము. దక్కనులో జరిగినది వేఱు. సుమారు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట నేల పగుళ్లనుండి కరగిన ఱాయి వెలువడి, వరదవలె పాఱి, గడ్డకట్టి, దానిపై మఱల పాఱెను. నేడు మిగిలినదే దాదాపు 5 లక్షల చదరపు కిలోమీటర్లు. పడమటి కనుమలయొద్ద దాని మందము మిక్కుటము; తూర్పునకు పోనుపోను పలుచనగును. ఈ వయస్సు సైక్సునకు తెలియదు. తెలిసికొను సాధనము నాడు లేదు. ఆ ఱాయి చివికి నల్లరేగడి యైనది. రేగడి తేమను పట్టియుంచి ప్రత్తిని పండించును.

గాలి విషయమున అతని పరిశ్రమ మాకు మఱింత యాశ్చర్యకరము. బారామీటరును ఏండ్ల తరబడి చూచి, గాలి బరువు దినమునకు రెండుమాఱులు హెచ్చి రెండుమాఱులు తగ్గుచున్నదని 1835లో రాయల్ సొసైటీవారి పత్రికలో చూపెను. ఉదయము 9, 10 గంటల నడుమ పోటు. సాయంకాలము 4, 5 గంటల నడుమ పాటు. రాత్రి మఱల నట్లే. వేలకొలది కొలతలలో ఉదయపు పోటు ఒక్కనాడైనను తప్పలేదట! సముద్రపు పోటునకు ముఖ్యకారణము చంద్రుడు. దీనికి సూర్యుని వేడిమి. మీది ఓజోను వాయువును క్రింది నీటియావిరియు ఆ వేడిమిని గ్రహించి వాతావరణమునంతను ఊచుచున్నవని రూఢియగుటకు 1960 దాటవలసివచ్చెను.

గాలిలోని తేమను గూడ సైక్సు కొలిచెను. ఆ లెక్క నేతగానికి తెలియనిది గాదు. వేసవిలో తేమ తగ్గినప్పుడు పడుగుపోగులు పటపట తెగును. గుంటమగ్గమును నేలలోనికి దింపి కూర్చుండుటలో నేల చల్లదనమును వాడుకొను నేర్పు గూడ నున్నది.

1829 డిసెంబరులో ఆ యుద్యోగమును రద్దు చేసిరి. మఱియొకడైన తన పటాలమునకు మరలిపోవును. సైక్సు సైన్యమునుండి సెలవు గైకొని, 1831 జనవరి వరకు శ్రమించి నివేదికలను ముగించి, స్వదేశమునకు పోయెను. అచ్చట రాయల్ సొసైటీ సభ్యత్వము, 1840లో కుంఫిణీ డైరెక్టరు పదవి, 1856లో అధ్యక్షపదవి క్రమముగా లభించినవి. మఱుసటి యేటనే తిరుగుబాటు చెలరేగెను. 1858లో కుంఫిణీ ప్రభుత్వమే ముగిసెను. 1872 జూను 16న సైక్సు లండనులో మరణించెను. శిస్తు కొఱకు వ్రాసిన లెక్కలు పాతబడినవి. ఎవరును అడుగకయే వ్రాసిన ఱాతి వ్యాసమును గాలి వ్యాసమును శాస్త్రజ్ఞులు ఇంకను తిరుగవేయుచున్నారు.